మూసీ నీళ్ళలో ఫేజ్‌ల వేట: మా ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

జూలై, మొదటి వారం

ఈ ఏడాది డిగ్రీ ఫైనలియర్ మైక్రోబయాలజీ పిల్లలతో చేయించే ప్రాజెక్టు ఖాయమైంది. మూసీ నీళ్ళలోంచి ఈ-కోలి బ్యాక్టీరియాను చంపే వైరస్‌ను పట్టుకోవాలి. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి శుద్ధంగా పెంచాలి. ఆ తర్వాత అది ఏ బ్యాక్టీరియాను చంపుతుందో, దేన్ని అసలు ముట్టుకోదో తేల్చాలి. అందరికీ మొదటి రెండు పనుల మీదే ఉత్సాహం. నాకు మాత్రం మూడోదే ముఖ్యం, ఎందుకో ఈ డైరీ రాస్తూ పోతే తెలుస్తుంది.

బ్యాక్టీరియాను పట్టి చంపే వైరస్‌లను బ్యాక్టీరియోఫేజ్‌లు అంటారు, ల్యాబ్‌లో అందరం ఫేజ్ అనే అంటాం. మనిషి కణాల జోలికి రావు. బ్యాక్టీరియా కణం గోడకు అతుక్కుని తమ డీఎన్‌ఏను లోపలికి పంపిస్తాయి. ఆ కణం సరంజామాతోనే తమ పిల్లల్ని తయారు చేయించుకుంటాయి. చివరికి కణాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తాయి. టీ4 అనే ఫేజ్‌కు ఈ పనంతా 37 డిగ్రీల వేడిలో అరగంట కూడా పట్టదు. ఏ బ్యాక్టీరియా ఎక్కడ గుంపుగా బతుకుతుందో దాని ఫేజ్ కూడా అక్కడే ఉంటుంది. ఈ-కోలి ఉండేది మన పేగుల్లో. కాబట్టి దాని ఫేజ్ కోసం మురుగునీళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

ఇప్పుడే ఎందుకు ఈ ప్రాజెక్టు అని పిల్లలు అడగకముందే బోర్డు మీద రెండు సంగతులు రాశాను. ఒకటి, మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. రెండోది మన పక్కనే జరిగింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షించిన ఫలితాలు వెల్లడించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. శుద్ధి చేశాక వదిలిన నీళ్ళవి! అలాంటి నీళ్ళలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియాకు ఆ మందంటే లెక్క ఉండదు. ఈ రెండూ చదివాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పెంచడానికి వాడేది చండీగఢ్‌లోని ఎంటీసీసీ కల్చర్ బ్యాంకు నుంచి తెప్పించిన ఈ-కోలి కే-12 రకం. జబ్బు చేయదు. 1922లో అమెరికాలో ఒక రోగి మలం నుంచి వేరు చేసిన రకం ఇది, వందేళ్ళుగా ల్యాబుల్లోనే బతుకుతోంది. పేగుల్లో నిలదొక్కుకునే శక్తి ఏనాడో పోగొట్టుకుంది. డిగ్రీ పిల్లల చేతికి ఇవ్వగలిగింది ఇదే.

జూలై, రెండో వారం

ఈ వారమంతా మీడియా (బ్యాక్టీరియా పెరగడానికి వేసే ఆహారం) తయారీ, ఆటోక్లేవింగ్ (ఒత్తిడితో కూడిన ఆవిరిలో క్రిముల్ని చంపడం). చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు గానీ మిగతా పనంతా దీని మీదే నిలబడుతుంది. ప్లేటులో అడుగున పోసే అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే, జెల్లీలా గడ్డకట్టే పదార్థం) ఒకటిన్నర శాతం, దాని మీద పోసే సాఫ్ట్ అగార్ 0.7 శాతం. ఈ తేడా ఎందుకో పిల్లలకు చేత్తో ముట్టుకుంటేనే అర్థమైంది. పల్చటి దాంట్లో ఫేజ్‌లు పక్క కణం దాకా జరగగలవు, అలాగని ప్లేటంతా కొట్టుకుపోవు.

అగార్‌ను ల్యాబుకు తెచ్చింది ఒక గృహిణి అని చెబితే అమ్మాయిలు చాలా సంతోషించారు. ఆవిడ పేరు ఫానీ హెస్సే. ఆవిడ భర్త జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ దగ్గర పనిచేసేవాడు. వాళ్ళు వాడుతున్న జెలటిన్ ఎండాకాలం కరిగిపోయేది, కొన్ని బ్యాక్టీరియా దాన్ని తినేసేవి కూడా. వంటింట్లో తాను జెల్లీలకు వాడే అగార్‌ను ప్రయత్నించమని ఆవిడే సలహా ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1882లో, కాఖ్ క్షయ బ్యాక్టీరియాను ప్రకటించాడు. రకరకాల క్రిములు కలగాపులగంగా పెరిగే చోట ఒక్కదాన్ని విడిగా పెంచి చూపించగలిగితేనే ఫలానా జబ్బు ఫలానా క్రిమి వల్ల అని చెప్పగలం. గట్టిగా నిలిచే మీడియా లేకపోతే అది కుదరదు.

జూలై, మూడో వారం

శాంపిల్ తెచ్చాం. మూసారాంబాగ్ దగ్గర ఒడ్డు నుంచి ఒకటి, మురుగు కాలువ నదిలో కలిసే చోట ఇంకొకటి. స్టెరిలైజ్ చేసిన సీసాకు తాడు కట్టి దించాం. గ్లవ్స్, మాస్కు, ఐస్ బాక్సు, సీసా మీద చోటు, తేదీ, సమయం. రెండు రోజులుగా వానలు పడుతున్నాయి, నీళ్ళు ఎర్రగా ఉరకలేస్తున్నాయి. వాన నీటితో మురుగు పల్చబడుతుంది కాబట్టి ఫేజ్‌లు కూడా తక్కువే ఉంటాయని అనుకున్నాం.

ఒడ్డున నిలబడ్డ ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "ఈ నీళ్ళల్ల ఏమున్నదో అందరికీ తెల్సు గద బిడ్డా, మళ్ళ టెస్టు ఎందుకు?" అని అడిగాడు. మా వాళ్ళలో ఒక అమ్మాయి, "రోగం తెచ్చే క్రిమిని చంపేది కూడా ఈ నీళ్ళల్లనే ఉంటది తాతా, దాన్ని దేవులాడుతున్నం" అంది. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. ఆ పిల్ల జవాబులు క్లాసులో నేను చెప్పినదానికంటే బాగున్నాయి.

ల్యాబుకు వచ్చాక అసలు కష్టం మొదలైంది. బురద నీళ్ళను నేరుగా 0.22 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) రంధ్రాలున్న సిరంజి ఫిల్టరులో పోస్తే పది చుక్కలకే మూసుకుపోతుంది. అందుకే ముందు రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచి పైన తేరిన నీటిని తీశాం. దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాం, తర్వాత 0.45, చివరికి 0.22. ఈ-కోలి పొడవు సుమారు రెండు మైక్రాన్లు, మందం అర మైక్రాన్ పైనే, అందుకే ఆగిపోతుంది. ఫేజ్‌లలో పెద్దదైన టీ4 కూడా తోకతో కలిపి 0.2 మైక్రాన్ల పొడవే, తల వెడల్పు అందులో సగం కూడా ఉండదు. అది దాటిపోతుంది. ఫిల్టరులోంచి వచ్చిన నీళ్ళు తాగే నీళ్ళలా తేటగా ఉన్నాయి.

ఆ తేట నీళ్ళను చూసినప్పుడు పిల్లలకు ఆగ్రాలో పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హ్యాంకిన్ సంగతి చెప్పాను. 1896లో ఆయన గంగ, యమున నీళ్ళలో కలరా బ్యాక్టీరియా వేసి చూస్తే కొన్ని గంటల్లోనే చచ్చిపోయింది. అదే నీటిని కాచి చల్లార్చాక వేస్తే చావలేదు. వేడికి పోయేది ఏదో నీళ్ళలో ఉందని ఆయన రాశాడు. అది ఫేజేనా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. అయినా కాచిన నీళ్ళు, కాచని నీళ్ళు పక్కపక్కన పెట్టి చూసిన ఆ పద్ధతి మాకు పాఠం. మా ప్రయోగంలో కూడా ప్రతిసారీ కాచిన ఫిల్టరు నీళ్ళ ప్లేటు ఒకటి తోడుగా ఉండాలని నియమం పెట్టుకున్నాం.

తర్వాత 1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలిక్స్ డెరెల్ విడివిడిగా ఫేజ్‌లను గుర్తించారు. బ్యాక్టీరియోఫేజ్ అన్న పేరు డెరెల్ పెట్టిందే. రక్త విరేచనాల రోగుల మలాన్ని ఫిల్టరు చేసి పట్టుకున్నాడు. 1927లో మన దేశానికి వచ్చి కలరా మీద కూడా ప్రయత్నించాడు.

జూలై, చివరి వారం

ఎన్‌రిచ్‌మెంట్, అంటే నీళ్ళలో ఉన్న కొద్ది ఫేజ్‌లను పెంచి ఎక్కువ చేయడం. ఫిల్టరు నీళ్ళు, రెట్టింపు గాఢత ఉన్న బ్రాత్ (బ్యాక్టీరియా పెరిగే ద్రవం), ముందు రాత్రంతా పెంచి ఉంచిన ఈ-కోలి కాస్త, అతుక్కోవడానికి సాయంగా కొద్దిగా కాల్షియం క్లోరైడ్. 37 డిగ్రీల్లో రాత్రంతా. నీళ్ళలో మన ఈ-కోలికి సరిపోయే ఫేజ్ ఒక్కటున్నా తెల్లారేసరికి కోట్లవుతుంది. సరిపోనివి పెరగవు. ఈ మెట్టులోనే ఎంపిక జరిగిపోతుంది. మూసీలో లక్ష రకాల ఫేజ్‌లున్నా, మనం ఏ బ్యాక్టీరియాను ఎరగా వేశామో దాన్ని తినేవే చేతికి వస్తాయి.

పొద్దున్న మళ్ళీ తిప్పి, ఫిల్టరు చేసి, బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద చుక్కలు పెట్టాం. మర్నాటికి రెండు శాంపిళ్ళ చుక్కల కిందా బ్యాక్టీరియా పొర పోయి గుండ్రటి గాజు కిటికీల్లా అయ్యింది. కాచిన నీళ్ళ చుక్క కింద ఏమీ లేదు, ఉత్త బ్రాత్ చుక్క కింద కూడా అంతే. ఎన్‌రిచ్‌మెంట్ చేయకుండా నేరుగా పెట్టిన చుక్కలో నది ఒడ్డు శాంపిల్ ఏమీ చూపలేదు, కాలువ శాంపిల్ మసకగా చూపింది. అనుకున్నట్టే ఉంది.

ఆగస్టు, రెండో వారం

చుక్క కింద ఖాళీ కనిపించినంత మాత్రాన ఫేజ్ అని చెప్పలేం. బ్యాక్టీరియాను చంపే వేరే పదార్థం ఏదైనా అలాగే చేస్తుంది. నీళ్ళు కలిపి పల్చబరుస్తూ పోయినా విడివిడి మచ్చలు రావాలి. విషపదార్థమైతే పల్చబడే కొద్దీ మొత్తంగా మసకబారుతుంది. ఫేజ్ అయితే లెక్కపెట్టగలిగే మచ్చలుగా విడిపోతుంది, ఎందుకంటే ఒక్కో మచ్చా ఒక్కో వైరస్‌తో మొదలవుతుంది. వీటినే ప్లాక్‌లు అంటారు.

పద్ధతి ఇది. పదోవంతు, వందోవంతు, వెయ్యోవంతు అంటూ పల్చబరుస్తూ పోతాం. ఒక్కోదాని నుంచి 0.1 మిల్లీలీటరు తీసి, హుషారుగా పెరుగుతున్న దశలో ఉన్న ఈ-కోలితో కలిపి కొన్ని నిమిషాలు ఉంచుతాం. దాన్ని 47 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న సాఫ్ట్ అగార్‌లో వేసి, బుడగ రాకుండా ఒక్క తిప్పు తిప్పి, ప్లేటు మీద పోస్తాం. 50 దాటితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, 40 దగ్గరికి పడిపోతే చేతిలోనే ఉండలు కడుతుంది. ఈ పని చేసేటప్పుడు ల్యాబులో ఎవరూ మాట్లాడరు, అంత టెన్షన్. ఒక అబ్బాయి ట్యూబు తీసేది, ఒక అమ్మాయి పోసేది, ఇంకొకరు ప్లేటు తిప్పేది. మూడో రోజుకల్లా వాళ్ళ చేతులు మాటల అవసరం లేకుండా కలిసిపోయాయి.

వచ్చాయి. ముందటి ప్లేట్లు పూర్తిగా ఖాళీ, తర్వాతవి జల్లెడలా, ఆ తర్వాతవి లెక్కకు అందేలా. చూస్తే రెండు రకాల ప్లాక్‌లు ఉన్నాయి. ఒకటి పెద్దది, అంచు తెగ్గోసినట్టు ఉంది, లోపల అద్దంలా తేట. రెండోది చిన్నది, నడిమధ్య పాలపొరలా మసక. చాలామంది పిల్లలు రెండోదాన్ని బలహీనమైన ఫేజ్ అనుకున్నారు. అది బలహీనత కాదు, వేరే బతుకు పద్ధతి. కొన్ని ఫేజ్‌లు కణంలోకి వెళ్ళాక దాన్ని వెంటనే పగలగొట్టవు. తమ డీఎన్‌ఏను బ్యాక్టీరియా డీఎన్‌ఏలో కలిపేసి చడీచప్పుడు లేకుండా తరాల తరబడి ఉండిపోతాయి. అలా ఫేజ్‌ను మోస్తున్న కణం మీద అదే రకం ఇంకో ఫేజ్ వచ్చి పడినా పనిచేయదు. అందుకే ప్లాక్ నడుమ ఆ కణాలు బతికి మసకగా పెరుగుతాయి. కే-12లోనే లాంబ్డా అనే ఇలాంటి ఫేజ్ దాగి ఉందని 1951లో ఎస్తర్ లెడర్‌బర్గ్ చెప్పేదాకా, ఆ రకాన్ని అన్నాళ్ళూ వాడిన వాళ్ళెవరికీ తెలియదు.

మందుగా వాడాలనుకుంటే ఇలాంటి ఫేజ్‌లను పక్కన పెట్టేస్తారు. ఎందుకో చెప్పడానికి కలరా కంటే మంచి ఉదాహరణ లేదు. కలరా జబ్బు ఒంట్లో నీళ్ళన్నీ లాగేసేది ఒక విషం వల్ల అని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ళ పేగుల్లో ప్రయోగం చేసి చూపించారు. ఆ విషాన్ని తయారుచేసే జన్యువు పుట్టుకతో కలరా బ్యాక్టీరియాది కాదనీ, దాన్ని ఒక ఫేజ్ మోసుకొచ్చి పెడుతుందనీ 1996లో వాల్డర్, మెకలానోస్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. డిఫ్తీరియా విషం కూడా ఫేజ్ మోసేదే. అంటే బ్యాక్టీరియాను చంపే జాతిలోనే, అమాయకంగా ఉన్న బ్యాక్టీరియాకు విషం అందించేవి కూడా ఉన్నాయి. ఫేజ్ దొరికింది కదా అని ఆగకుండా, ఎలాంటి ఫేజ్ దొరికింది అని అడగాల్సింది ఇందుకే.

మసక ప్లాక్‌ను వేరే ట్యూబులో దాచాం. ముందుకు తీసుకెళ్ళేది తేట ప్లాక్‌నే. దానికి ప్రస్తుతానికి మూ-1 అని పేరు పెట్టారు, మూసీ నుంచి వచ్చింది కాబట్టి.

ఆగస్టు 20

ఈ రోజు బేగంపేటలో రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళాను. 1897లో ఇదే తేదీన సికింద్రాబాద్‌లో ఆయన ఒక దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడన్న కథ అందరికీ తెలిసిందే. నేను పిల్లలకు చెప్పాలనుకుంది అంతకు ముందు సంగతి. ఆ రోజుకు ముందు రెండేళ్ళ పాటు ఆయన వందల దోమలను కోశాడు, ఏమీ కనిపించలేదు. అవి ఎక్కువగా క్యూలెక్స్, ఏడిస్ జాతులు. మనిషి మలేరియా పరాన్నజీవి వాటిలో పెరగదు. రెక్కల మీద మచ్చలున్న ఇంకో రకం దోమ, అనాఫిలిస్, చేతికి వచ్చిన కొద్ది రోజులకే జవాబు దొరికింది. మైక్రోస్కోపు అదే, మనిషి అదే, ఓపిక అదే. మారింది దోమ ఒక్కటే.

ఆగస్టు చివర

శుద్ధి చేయడం. ఒక్క ప్లాక్‌ను స్టెరైల్ టిప్‌తో పొడిచి, బఫర్‌లో (ఫేజ్ పాడవకుండా ఉండే ద్రావణం) కలిపి, మళ్ళీ పల్చబరిచి, మళ్ళీ ప్లేటు. అందులోంచి మళ్ళీ ఒక్కటి. ప్లేటులో అన్ని ప్లాక్‌లూ ఒకే పరిమాణంలో, ఒకే రూపంలో వచ్చేదాకా ఇదే. విసుగు పుట్టే పని అని కొందరు అన్నారు. ఇక్కడ తొందరపడితే తర్వాత వచ్చే ఏ ఫలితం ఏ వైరస్‌దో చెప్పలేం.

శుద్ధి అయిన మూ-1ను పెంచి లెక్కించాం. పది లక్షల వంతు పల్చబరిచిన దాని నుంచి 0.1 మిల్లీలీటరు వేసిన ప్లేటులో 84 ప్లాక్‌లు. అంటే అసలు ట్యూబులో మిల్లీలీటరుకు 84 కోట్ల ఫేజ్‌లు. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు పిల్లల ముఖాలు చూడాల్సిందే. చేతిలో ఉన్నదేమో చూడటానికి మంచినీళ్ళు.

సెప్టెంబరు

ఇక నేను ఎదురుచూసిన భాగం.

మూసీ నీళ్ళ నుంచే అక్కడి ఈ-కోలిని వేరు చేశాం. ఈ-కోలిని గుర్తుపట్టడానికి వాడే ఈఎంబీ అగార్ మీద అది ఆకుపచ్చ లోహపు మెరుపుతో కనిపిస్తుంది, తర్వాత బయోకెమికల్ టెస్టులతో ఖరారు చేసుకోవాలి. ఇవి ల్యాబ్ రకం లాంటివి కావు, కాబట్టి ఆ ప్లేట్లు నేనూ ఇంకో అధ్యాపకురాలూ మాత్రమే తెరిచాం. పిల్లలు మూతపెట్టి టేపు వేసిన ప్లేట్లనే చదివారు. పని అయిన వెంటనే 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లోకి.

వాటి మీద, ఇంకా క్లాసులో వాడే బాసిల్లస్ సబ్టిలిస్ అనే వేరే జాతి బ్యాక్టీరియా మీద మూ-1 చుక్కలు పెట్టాం. ఫలితం ఒక్క ముక్కలో చెప్పాలంటే, కే-12ను ఊడ్చిపెట్టే మూ-1 నదిలో దొరికిన ఈ-కోలిల్లో ఒక్కదాని మీద మసక మచ్చ చేసింది, మిగతావాటిని తాకనే లేదు. బాసిల్లస్ మీద ఏమీ లేదు, ఉంటుందని అనుకోనూ లేదు. పిల్లలు బాగా నిరాశ పడ్డారు. "మేడమ్, ఇది ఈ-కోలి ఫేజే కదా, అవీ ఈ-కోలీలే కదా?" అని.

అన్నీ ఈ-కోలీలే, కానీ పై తొడుగులు వేరు. ఫేజ్ అతుక్కునేది కణం మీద ఉండే ఒక ఫలానా ప్రోటీన్‌కో, ఫలానా చక్కెర గొలుసుకో. నదిలోని రకాలకు బయట పొడవాటి చక్కెర గొలుసులు ఉంటాయి. కే-12 వాటిని ఎప్పుడో పోగొట్టుకుంది. ఆ గొలుసులు అడ్డుంటే ఫేజ్‌కు తనకు కావలసిన చోటు దొరకదు. ఒకే జాతి, ఒకే పేరు ఉన్నా ఫేజ్ దృష్టిలో అవి వేర్వేరు జీవులు.

ఇదే చోట యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీ పరిశోధనా విభాగాన్ని నడిపిన మన మనిషి. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశాడు, 1948లో అది లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ల కుటుంబంలో మొదటిది. దాని గొప్పతనం ఏమిటంటే ఏ ఒక్క క్రిమికో పరిమితం కాకుండా ఎన్నో రకాల బ్యాక్టీరియా మీద పనిచేసింది. డాక్టరు ల్యాబ్ రిపోర్టు కోసం ఆగలేని పరిస్థితిలో ఎన్ని ప్రాణాలు నిలిచాయో! ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. కానీ అదే సౌకర్యం మనకు ఒక అలవాటును కూడా నేర్పింది. ఏ క్రిమో తెలుసుకోకుండానే మందు వేసేయడం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా మెడికల్ షాపుకు వెళ్ళి "గొంతు నొప్పి, రెండు మాత్రలు ఇవ్వండి" అంటే స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు. ఆ రెండు మాత్రలు గొంతులో క్రిమిని చంపకపోగా, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియాలో బలహీనమైన వాటిని తీసేసి మొండి వాటికి చోటు ఇస్తాయి. తక్కువ మోతాదు వాడితే క్రిములు మందుకు అలవాటు పడతాయని పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945 నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు.

ఫేజ్‌తో ఆ అలవాటు సాగదు. ఏ క్రిమో తెలియకుండా ఫేజ్ ఇస్తే ఏమీ జరగదు. ఇది దాని లోపమని పిల్లలు రాసుకున్నారు. నేను లోపమని కొట్టేసి లక్షణమని రాయించాను. పేగుల్లో మనకు మేలు చేసే బ్యాక్టీరియాను అది ముట్టుకోదు కూడా.

నది రకాల మీద యాంటీబయాటిక్ డిస్కుల టెస్టు కూడా చేశాం. ఈ టెస్టుకు వాడే ముల్లర్-హింటన్ అగార్ మీద, బ్యాక్టీరియా చిక్కదనాన్ని మెక్‌ఫార్లాండ్ 0.5 అనే కొలతకు సరిచూసి పరిచి, మందు పట్టించిన కాగితపు డిస్కులు పెట్టి, మర్నాడు చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలవడం. ఆసుపత్రిలో డాక్టరు రాసే కల్చర్ సెన్సిటివిటీ టెస్టు ఇదే. కొన్ని రకాల్లో యాంపిసిలిన్ డిస్కును ఆనుకునే బ్యాక్టీరియా పెరిగింది, వలయం అన్నదే లేదు. ఆ ప్లేటును చూసిన ఒక అబ్బాయి వాళ్ళ నాన్నగారు కిందటేడు వాడిన మందుల స్ట్రిప్‌ను మర్నాడు పట్టుకొచ్చాడు. దాని మీద నిలువుగా ఎర్ర గీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని చెప్పే గుర్తు అది, 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ దాని గురించి ప్రచారం మొదలుపెట్టింది. వాళ్ళింట్లో ఎవరికీ ఆ గీత అర్థం తెలియదట. ఆ రోజు సాయంత్రం పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళి మందుల డబ్బాలు వెతికారు.

అక్టోబరు

మూ-1ను కే-12 పెరుగుతున్న బ్రాత్ ట్యూబులో వేసి గంటగంటకూ చిక్కదనం కొలిచాం. ముందు మామూలుగా పెరిగింది, తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. మధ్యాహ్నానికి మబ్బు విడిపోయి తేటపడింది. చప్పట్లు కొట్టారు. అదే ట్యూబును రాత్రంతా ఉంచితే పొద్దున్నకు మళ్ళీ మబ్బు పట్టింది.

అందులోంచి బ్యాక్టీరియాను తీసి పెంచి, దాని మీద మూ-1 చుక్క పెడితే ఏమీ కాలేదు. లొంగని రకం తయారైంది. ఫేజ్‌ను చూసి బ్యాక్టీరియా మారిందా, లేక మారిన కణాలు ముందునుంచే ఉన్నాయా అన్న ప్రశ్నను లూరియా, డెల్‌బ్రూక్ అనే శాస్త్రవేత్తలు 1943లోనే తేల్చారు. విడివిడి ట్యూబుల్లో పెంచిన కల్చర్లలో లొంగని కణాల సంఖ్య చాలా ఎగుడుదిగుడుగా వచ్చింది, కొన్నింటిలో అసలు లేవు, కొన్నింటిలో వందలు. ఫేజ్ తగిలాకే మార్పు వచ్చేటట్టయితే అన్నిట్లోనూ దాదాపు ఒకేలా ఉండాలి. కాబట్టి మార్పు ముందే, తనంతట తానే జరిగింది. ఫేజ్ మిగతావాటిని తీసేసి వాటిని బయటపెట్టిందంతే. యాంటీబయాటిక్స్ విషయంలో కూడా అదే సూత్రం.

అందుకే ఫేజ్‌లను ఒంటరిగా వాడరు. కణం మీద వేర్వేరు చోట్ల అతుక్కునే రెండు మూడింటిని కలుపుతారు. ఒకదాని నుంచి తప్పించుకున్న కణం రెండోదానికి దొరుకుతుంది. మూ-1కు లొంగని రకాన్నే ఈసారి ఎరగా వేసి, అంబర్‌పేట వైపు కాలువ నీళ్ళతో మొదటి నుంచీ మొదలుపెట్టాం. ఇప్పుడు పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది, ఫిల్టరు దగ్గరి నుంచి శుద్ధి దాకా వాళ్ళే. మూ-2 దొరికింది. ప్లాక్ చిన్నది కానీ తేట. రెండూ కలిపి వేసిన ట్యూబు మర్నాటి పొద్దుటికి కూడా తేటగానే ఉంది. రెండో రోజు సన్నటి మబ్బు కనిపించింది, అంటే రెండూ చాలవు. అది కూడా రికార్డులో రాశాం.

నవంబరు

మా ట్యూబులో ఉన్నది మందు కాదని ప్రాజెక్టు పోస్టరు మీద పెద్ద అక్షరాలతో రాయించాను. ఈ-కోలి పగిలినప్పుడు దాని గోడ ముక్కలు కూడా బ్రాత్‌లోనే ఉంటాయి. ఆ ముక్కల్లోని ఎండోటాక్సిన్ అనే విషం రక్తంలోకి వెళ్తే తీవ్రమైన జ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది. మనిషికి ఇవ్వాలంటే ముందు దాన్ని తొలగించాలి. ఫేజ్ జన్యువులన్నీ చదివి, విషాల జన్యువులు గానీ, దాగి ఉండే లక్షణం గానీ లేవని చూడాలి. ఆ తర్వాతే మిగతా పరీక్షలు.

అయినా దారి ఉన్నదే. జార్జియా దేశంలోని టిబిలిసిలో 1923లో మొదలైన ఎలియావా సంస్థ ఇప్పటికీ ఫేజ్‌లతో వైద్యం చేస్తోంది. అమెరికాలో 2016లో టామ్ పాటర్సన్ అనే ప్రొఫెసర్ ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా సోకి కోమాలోకి వెళ్ళాడు. ఆయన భార్య స్టెఫనీ స్ట్రాత్‌డీ స్వయంగా అంటువ్యాధుల శాస్త్రవేత్త. ఫేజ్‌ల మీద పనిచేసేవాళ్ళకు ఉత్తరాలు రాసింది. టెక్సస్‌లోని విశ్వవిద్యాలయం వాళ్ళూ, అమెరికా నేవీ పరిశోధకులూ ఆయన ఒంట్లోని బ్యాక్టీరియాను తెప్పించుకుని, దానికి సరిపోయే ఫేజ్‌లను వెతికి పంపారు. ఆయన బతికాడు. మధ్యలో ఆ బ్యాక్టీరియా ఫేజ్‌లకు లొంగకుండా మారితే కొత్తవి వెతికి ఇచ్చారు. మా పిల్లలు అక్టోబరులో చేసింది అదే పని అని ఒకమ్మాయి వేరేవాళ్ళకు వివరిస్తుంటే విన్నాను.

మూ-1, మూ-2, మసక ప్లాక్‌ది ఒకటి, మూడూ 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉన్నాయి. నెలకోసారి లెక్క చూడాలి, దానికి జూనియర్లలో ఇద్దరిని పెట్టాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్న సంస్థకు ఫొటోల కోసం దరఖాస్తు పంపాం. డిసెంబరు సెలవుల తర్వాత మూడో ఫేజ్ కోసం ఎండాకాలం కాలువ నీళ్ళు తేవాలి, వానలు లేవు కాబట్టి ఎన్‌రిచ్‌మెంట్ లేకుండానే నేరుగా ప్లేటు వేసి చూడాలని పిల్లల పట్టుదల. ఈసారి ఎరగా వేసేది కే-12ను కాదు. నదిలోంచి తెచ్చిన రకాల్లో యాంపిసిలిన్‌కు లొంగనిదాన్ని. ఆ ప్లేట్లు తెరిచే పని మాత్రం నాదే.